మైనస్ ఓటు చరిత్ర: ఏథెన్స్ కుండపెంకు నుంచి డౌన్‌వోట్ బటన్ దాకా

పోస్టు కొంచెం పెద్దదే. ఒక్కసారి ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మనందరం ఫోన్లో రోజూ లైక్ కొడతాం. కొన్ని సైట్లలో దానికి ఎదురు బటన్ కూడా ఉంటుంది. కిందికి చూసే బాణం గుర్తు. దాన్నే డౌన్‌వోట్ అంటారు. రాసినవాడి పాయింట్లు తగ్గుతాయి, పోస్టు కిందికి జారుతుంది, ఇంకా ఎక్కువ పడితే అసలు ఎవరికీ కనపడకుండా పోతుంది. చెత్తని ఏరి పారేయడానికి పెట్టిన బటన్ అది. కానీ నచ్చని మనిషిని, నచ్చని మాటని తొక్కేయడానికి దాన్ని వాడుకున్నవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. ఒక్కరుగా కాదు, గుంపులుగా. ఈ దుర్వినియోగానికి ఒక చరిత్ర ఉంది. ఇంటర్నెట్ కంటే చాలా పాతది. ఆ కథ వరుసగా చెప్పుకుందాం. చివర్లో, సంఖ్యలో తక్కువ ఉన్న మనలాంటి వాళ్ళకి ఇందులో పనికొచ్చేది ఏముందో కూడా మాట్లాడుకుందాం.

1. కుండపెంకు మీద పేరు

క్రీస్తుపూర్వం 508 ప్రాంతంలో గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరంలో క్లైస్తనీస్ అనే నాయకుడు పాలనలో పెద్ద మార్పులు తెచ్చాడు. ప్రజాస్వామ్యం మొదలైంది అక్కడే అని పుస్తకాల్లో చదువుకున్నాం కదా, అదే. ఆ మార్పులతో పాటు ఒక వింత పద్ధతి కూడా వచ్చింది. ఏడాదికోసారి పౌరుల సభలో ఒక ప్రశ్న అడుగుతారు: ఈ సంవత్సరం ఎవరినైనా ఊరినుంచి పంపించాలా? సరే అంటే, కొన్ని వారాల తర్వాత ఒక రోజున అందరూ బజారు మైదానంలో చేరతారు. పగిలిన కుండపెంకు మీద, తమకి వద్దనుకున్న మనిషి పేరు గీకి వేస్తారు. కనీసం 6000 పెంకులు పడాలి. ఎక్కువ పెంకులు ఎవరి పేరు మీద పడితే వాడు పది రోజుల్లో నగరం వదిలి పది సంవత్సరాలు బయట ఉండాలి. ఆస్తి పోదు, పదేళ్ళయ్యాక తిరిగి రావచ్చు. పెంకుని గ్రీకులో ఓస్ట్రకోన్ అంటారు. అందుకే ఆ పద్ధతికి ఆస్ట్రసిజం అని పేరు వచ్చింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పెంకు మీద పేరు రాస్తే చాలు. ఏం తప్పు చేశాడో రాయక్కర్లేదు. ఫిర్యాదు లేదు, విచారణ లేదు, ఆ రోజు చర్చ లేదు, ఆ మనిషి లేచి నా మాట వినండి అనే అవకాశం లేదు. నియంతగా మారగలిగే పెద్దమనిషిని ముందే ఆపాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. మరి వాడకం?

క్రీస్తుపూర్వం 482లో అరిస్టైడీస్ అనే నాయకుడిని ఇలాగే పంపేశారు. న్యాయవంతుడు అని ఆయనకి బిరుదు. ఆయన గురించి ప్లూటార్క్ ఒక కథ రాశాడు. చదువురాని ఒక రైతు పెంకు పట్టుకొచ్చి, తన ముందున్నది ఎవరో తెలియక, దీని మీద అరిస్టైడీస్ పేరు రాసిపెట్టు అని ఆయననే అడిగాడట. ఆయన నీకేం అన్యాయం చేశాడు అంటే, ఏమీ లేదు, ఎక్కడికెళ్ళినా న్యాయవంతుడు న్యాయవంతుడు అని వినీ వినీ విసుగొచ్చింది అన్నాడట. అరిస్టైడీస్ మారు మాట్లాడకుండా తన పేరు తానే రాసిచ్చాడని కథ. ప్లూటార్క్ ఆ సంఘటన జరిగిన అయిదు వందల ఏళ్ళ తర్వాతివాడు కాబట్టి అచ్చంగా ఇలాగే జరిగిందని చెప్పలేం. కానీ మనిషి మనసు ఎలా పనిచేస్తుందో మాత్రం ఆ కథ పట్టుకుంది. తప్పు చేశాడని కాదు, పేరు వినిపించడమే నచ్చలేదు.

దానికంటే గట్టి సాక్ష్యం మట్టిలో దొరికింది. 1937లో ఆస్కర్ బ్రోనీర్ అనే పురావస్తు పరిశోధకుడు ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక పాత బావిని తవ్వించాడు. అందులో 190 పెంకులు బయటపడ్డాయి. వాటి మీద ఉన్నది ఒకే పేరు, థెమిస్టొక్లీస్. పర్షియా దండయాత్రని సముద్రంలో తిప్పికొట్టిన నాయకుడు ఆయన. అక్షరాలు పరిశీలిస్తే 190 పెంకులు రాసింది కేవలం 14 చేతులు! అంటే కొద్దిమంది ముందే కూర్చుని పెంకులు రాసి సిద్ధం చేసిపెట్టారన్నమాట, జనానికి పంచడానికి. ఆ పెంకులు వాడకుండానే బావిలో పడ్డాయి గానీ, క్రీస్తుపూర్వం 471 ప్రాంతంలో థెమిస్టొక్లీస్‌ని నిజంగానే పంపేశారు. ఇవాళ ఒక్కడే ఇరవై ఫేక్ అకౌంట్లు పెట్టి ఓట్లు గుద్దడం కొత్త తెలివి అనుకుంటాం. అది రెండున్నర వేల ఏళ్ళ నాటి తెలివి.

ఆ పద్ధతి ఎలా పోయిందో కూడా తెలుసుకోవాలి. క్రీస్తుపూర్వం 410ల్లో అల్సిబయడీస్, నిసియస్ అని ఇద్దరు బలమైన నాయకులు ఎదురెదురుగా ఉన్నారు. ఇద్దరిలో ఒకడు పోవాలి. కానీ చివరి నిమిషంలో ఇద్దరి గుంపులూ లోపల్లోపల చేతులు కలిపి, ఓట్లన్నీ హైపర్బొలస్ అనే మూడో మనిషి మీదకి మళ్ళించాయి. అతను ఊరు వదిలాడు. అది చూసి జనానికే ఆ పద్ధతి మీద గౌరవం పోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరి మీదా వాడలేదు. గుంపు కట్టి ఆడితే ఆటలో నమ్మకమే పోతుంది అన్నది మొదటి పాఠం.

2. కాలేజీ కుర్రాడి సైటు

ఇప్పుడు ఒక్కసారిగా 1997కి వద్దాం. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో హోప్ కాలేజీలో చదువుతున్న రాబ్ మాల్డా అనే విద్యార్థి స్లాష్‌డాట్ అనే సైటు నడిపాడు. కంప్యూటర్ వార్తలు, వాటి కింద చర్చ. జనం పెరిగేకొద్దీ కామెంట్లలో బూతులు, చెత్త కూడా పెరిగాయి. మొదట ఆయనే తీసేసేవాడు. చేతకాక 25 మందిని పెట్టుకున్నాడు. వాళ్ళూ చాలక 400 మందిని చేశాడు. చివరికి మామూలు పాఠకుల్లోంచే కొంతమందిని వంతులవారీగా ఎంచి, వాళ్ళ చేతికి అధికారం ఇచ్చాడు.

ఆ అధికారానికి పెట్టిన హద్దులు చూడండి. ఒక్కొక్కరికి అయిదే పాయింట్లు. మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి. తాను మాట్లాడిన చర్చలో తాను తీర్పు చెప్పకూడదు. కామెంట్ స్కోరు మైనస్ 1 నుంచి 5 వరకే. మైనస్ వేసేటప్పుడు విషయానికి సంబంధం లేదు, రెచ్చగొడుతున్నాడు, చెప్పిందే చెప్పాడు, ఇలా ఒక కారణం ఎంచుకోవాలి. అయినా కక్షలు తీర్చుకునేవాళ్ళు తయారయ్యారు. దాంతో 1999లో ఇంకో మెట్టు పెట్టారు. మైనస్ వేసినవాళ్ళు న్యాయంగా వేశారా లేదా అని వేరే పాఠకులు చూసి తీర్పు చెప్పాలి. తీర్పరుల మీద తీర్పరులన్నమాట. అన్యాయంగా వేసేవాళ్ళకి మళ్ళీ ఆ అవకాశం రాదు.

అక్కడా ఒక కన్నం మిగిలింది. ఎక్కువ స్కోరు ఇచ్చారు అనే ఒక కారణం ఉండేది. ఆ కారణంతో వేసిన మైనస్ ఈ రెండో తనిఖీకి వెళ్ళేది కాదు. కక్షగాళ్ళు ఏం చేసి ఉంటారో మీరే ఊహించండి. తనిఖీ లేని దారి ఎక్కడుందో వెతికి ఆ దారినే వచ్చారు. ఇది రెండో పాఠం. అధికారం ఎంత చిన్నదైనా సరే, దాని మీద చూసే కన్ను ఉండాలి.

3. డిగ్: పూడ్చిపెట్టే బటన్

అసలు కథ ఇక్కడుంది. 2004 డిసెంబర్‌లో కెవిన్ రోజ్, మరి కొందరు కలిసి డిగ్ అనే సైటు మొదలుపెట్టారు. పేపర్లో ఏ వార్త మొదటి పేజీలో రావాలో ఎడిటర్ నిర్ణయిస్తాడు. డిగ్‌లో ఎడిటర్ లేడు. ఎవరైనా ఒక లింక్ పెట్టొచ్చు. నచ్చినవాళ్ళు డిగ్ అని నొక్కుతారు, అంటే తవ్వి పైకి తీయడం. చాలామంది నొక్కితే మొదటి పేజీకి ఎక్కుతుంది. నచ్చకపోతే బరీ, అంటే పూడ్చిపెట్టడం. సోషల్ న్యూస్ సైట్ అంటే ఇదే. పెద్ద పేపర్లు పట్టించుకోని మాట కూడా జనం మెచ్చితే పైకి రావచ్చు. ఆ ఆశ చిన్నది కాదు. మొదటి పేజీకి ఎక్కిన చిన్న సైటుకి ఎంతమంది వచ్చిపడేవాళ్ళంటే, దాని సర్వర్ కూలిపోయేది.

కానీ రెండు బటన్లకీ ఒక తేడా పెట్టారు. డిగ్ నొక్కితే మీ పేరు అందరికీ కనపడుతుంది. బరీ నొక్కితే పేరు కనపడదు. మన ఊళ్ళల్లో ఆకాశరామన్న ఉత్తరం అంటాం కదా, సంతకం లేకుండా ఒకడి మీద పితూరీ రాసి పంపేది. బరీ అచ్చంగా ఆకాశరామన్న ఉత్తరమే. కారణాల జాబితా ఒకటి ఇచ్చారు: స్పామ్, తప్పు సమాచారం, ఇంతకుముందే వచ్చింది, తప్పు విభాగం, చప్పగా ఉంది. కుక్కని చంపాలంటే పిచ్చికుక్క అని పేరు పెట్టాలి అన్నట్టు, నచ్చని వార్తకి స్పామ్ అనో తప్పు సమాచారం అనో ముద్ర కొట్టేస్తే సరిపోయేది. నిజమా కాదా అని చూసేవాళ్ళు లేరు.

2007 నాటికే బరీ బ్రిగేడ్ అనే మాట పుట్టింది. అంటే పూడ్చే దండు. కొన్ని విషయాల మీద వార్తలు ఎంత వేగంగా పైకి వచ్చినా హఠాత్తుగా మాయమైపోతున్నాయి. ఎవరు చేస్తున్నారో చూపించే వీలు లేదు, ఎందుకంటే పేర్లు దాచేశారు కదా. ఫిర్యాదు చేసినవాడినే, నీ పోస్టు బాగాలేదు కాబట్టి పూడ్చారు, ఏడవకు అనేవాళ్ళు. బాధితుడి దగ్గర రుజువు ఉండకుండా చేయడమే ఆ పద్ధతిలోని అసలు లోపం.

రుజువు 2010 ఆగస్టులో వచ్చింది. ఆల్టర్‌నెట్ అనే అమెరికన్ వార్తా సైట్‌లో ఒక పరిశోధన కథనం అచ్చయింది. డిగ్ పేట్రియట్స్ అని పేరు పెట్టుకున్న వంద మంది దాకా ఉన్న గుంపు, యాహూ గ్రూప్‌లో రహస్యంగా మాట్లాడుకుంటూ పనిచేస్తోందని ఆ కథనం చెప్పింది. వాళ్ళు మితవాద రాజకీయాల వాళ్ళు. ఎదుటి పక్షం వార్త డిగ్‌లో పడగానే ఆ లింక్ గ్రూప్‌లో పెట్టేవాళ్ళు, అందరూ వెళ్ళి పూడ్చేవాళ్ళు. కొందరు రచయితల, కొన్ని సైట్ల వార్తల్లో నూటికి తొంభై పైగా గంట నుంచి మూడు గంటల లోపే మాయమయ్యాయని ఆ కథనం లెక్క చెప్పింది. ఒక అకౌంట్ పోతే ఇంకో అకౌంట్. ఏడాదికి పైగా సాగింది. డిగ్‌లో ఉన్న లక్షలమందితో పోలిస్తే వంద ఎంత? కానీ లక్షలమంది ఊరికే చూసి పోయేవాళ్ళు. వంద మంది మాత్రం ఒకే సమయంలో, ఒకే చోట, ఒకే పని చేసేవాళ్ళు. అదే వాళ్ళ బలం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. దొరికింది ఒక పక్షం గుంపు కాబట్టి ఆ పక్షం వాళ్ళే ఇలాంటివాళ్ళు అనుకోకూడదు. గుంపు కట్టడం ఏ ఒక్క రాజకీయానిదీ కాదు. పేరు కనపడని మైనస్ ఓటు ఎవరి చేతికిచ్చినా ఇదే జరుగుతుంది.

ఆ నెలాఖరునే, 2010 ఆగస్టు 25న డిగ్ తన కొత్త రూపం విడుదల చేసింది. అందులో బరీ బటన్ తీసేశారు. దాంతోపాటు ఇంకా చాలా మార్చేశారు, పెద్ద వార్తాసంస్థల పోస్టులకి పెద్దపీట వేశారు. పాత వాడుకరులకి ఒళ్ళు మండింది. కోపంతో డిగ్ మొదటి పేజీ నిండా పోటీ సైట్ అయిన రెడ్డిట్ లింకులే ఎక్కించి, మూటాముల్లె సర్దుకుని అటు వెళ్ళిపోయారు. బరీ బటన్‌ని తర్వాత మళ్ళీ తెచ్చినా లాభం లేకపోయింది. 2012 జూలైలో డిగ్ పేరునీ సైటునీ బీటావర్క్స్ అనే కంపెనీ కొనుక్కుంది. ధర సుమారు 5 లక్షల డాలర్లు అని వార్తలొచ్చాయి. డిగ్ బరీ వల్లనే కూలింది అనడం సరికాదు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ మొదటి పేజీ జనం చేతిలో ఉంది అన్న నమ్మకం మాత్రం దానికి ముందే చచ్చిపోయింది.

4. రెడ్డిట్: తొమ్మిది మంది లెక్క

రెడ్డిట్‌ని 2005 జూన్‌లో స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ మొదలుపెట్టారు. వాళ్ళూ అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన హాస్టల్ మిత్రులే. పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం. సైట్ మర్యాదల్లో మొదటినుంచీ ఒక మాట ఉంది: చర్చకి పనికిరానిదానికి డౌన్‌వోట్ వేయండి, మీకు నచ్చలేదని వేయకండి. ఎంతమంది పాటిస్తారో మీకు తెలిసిందే.

రెడ్డిట్ కొన్నేళ్ళపాటు తన కోడ్‌ని అందరికీ చూపించింది. అందువల్ల పోస్టులు పైకీ కిందికీ ఎలా పోతాయో లెక్క మనకి తెలుసు. లెక్కలు వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది జాగ్రత్తగా చూడండి. పోస్టుకి వచ్చిన ప్లస్ ఓట్లలోంచి మైనస్ ఓట్లు తీసేస్తారు. మిగిలినదానికి పది ఆధారంగా లాగరిథమ్ తీస్తారు. అంటే 10 ఓట్లకి విలువ 1, 100 ఓట్లకి 2, 1000 ఓట్లకి 3. మొదటి పది ఓట్లకి ఎంత బలమో, తర్వాతి తొంభై ఓట్లకీ అంతే బలం. దానికి పోస్టు పెట్టిన సమయాన్ని కలుపుతారు. 45,000 సెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు, ఒక పాయింట్‌తో సమానం.

ఇప్పుడు గుంపు పని చూద్దాం. ఒక కొత్త పోస్టుకి 10 ఓట్లు వచ్చాయి, విలువ 1. తొమ్మిది మంది వచ్చి మైనస్ కొట్టారు. మిగిలింది 1 ఓటు, దాని లాగరిథమ్ సున్నా. ఒక పాయింట్ పోయింది. అంటే ఆ తొమ్మిది మంది పోస్టుని పన్నెండున్నర గంటలు పాతబెట్టేశారు. పొద్దున పెట్టిన పోస్టు నిన్న రాత్రిది అయిపోయింది. అదే తొమ్మిది మంది 1000 ఓట్లు వచ్చిన పోస్టు మీద పడితే? 991 మిగులుతాయి. లెక్క కడితే పోయేది సుమారు మూడు నిమిషాలు. అంతే! పెద్దవాడిని ఏమీ చేయలేని దెబ్బ, అప్పుడే పుట్టినదాన్ని చంపేస్తుంది. పేరున్నవాళ్ళకి మొదటి అరగంటలోనే వందల ఓట్లు పడతాయి. పేరులేనివాడికి, కొత్త విషయం చెప్పేవాడికి ఆ మొదటి పది ఓట్లే ప్రాణం. గుంపులకి ఇది బాగా తెలుసు. అందుకే తొలి గంటలోనే దెబ్బ కొడతారు.

ఒంటరిగా కూడా ఈ పని చేయొచ్చని 2014 జూలైలో తేలింది. యూనిడాన్ అనే పేరుతో రాసే ఒక జీవశాస్త్రవేత్త రెడ్డిట్‌లో అప్పట్లో అందరికంటే ఇష్టమైన మనిషి. పురుగుల గురించి, పక్షుల గురించి ఎవరేం అడిగినా వచ్చి ఓపిగ్గా చెప్పేవాడు. ఒకరోజు జాక్‌డా అనే పక్షిని కాకి అనొచ్చా లేదా అని ఒకరితో వాదన పడింది. ఆ వెంటనే ఆయన అకౌంట్‌ని నిషేధించారు. కారణం ఏంటంటే, ఆయన అయిదు దొంగ అకౌంట్లు పెట్టుకుని తన పోస్టులకి తానే ప్లస్‌లు, తనతో పోటీగా ఉన్నవాళ్ళకి మైనస్‌లు వేసుకుంటున్నాడు. ఒప్పుకున్నాడు కూడా. ఆలోచించండి, ఆయనకి ఆ అవసరమే లేదు. వేలమంది అభిమానులున్నారు. అయినా ఆ మొదటి అయిదు ఓట్ల విలువ ఎంతో ఆయనకి తెలుసు.

5. పరిశోధనలు ఏం చెప్పాయి

ఒక మైనస్ పడితే నలుగురితో పాటు నారాయణ అన్నట్టు మిగతావాళ్ళూ మైనస్ వేస్తారా? దీని మీద మచ్నిక్, అరల్, టేలర్ అనే ముగ్గురు 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం అచ్చువేశారు. ఒక సోషల్ న్యూస్ సైట్‌లో లక్షకు పైగా కామెంట్లు తీసుకుని, కొన్నింటికి కావాలని ఒక ప్లస్, కొన్నింటికి ఒక మైనస్ ముందే వేశారు. ఒక్క దొంగ ప్లస్‌తో చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. దొంగ మైనస్‌ని మాత్రం జనం చూసి, అయ్యో పాపం అన్నట్టు ప్లస్‌లు వేసి సరిచేశారు. మనుషుల మీద నమ్మకం కలిగించే మాట ఇది. కానీ అక్కడ వేసింది ఒక్క మైనస్. పోస్టు కళ్ళ ముందు ఉంది కాబట్టి సరిచేయగలిగారు. గుంపు వచ్చి పది నిమిషాల్లో కనపడకుండా చేసేస్తే సరిచేసేవాడు దాన్ని ఎక్కడ చూస్తాడు?

2014లో ఇంకో పరిశోధన వచ్చింది. చెంగ్, ఇంకో ఇద్దరు కలిసి నాలుగు పెద్ద సైట్ల కామెంట్లని పరిశీలించారు. మైనస్ పడితే మనిషి బుద్ధి తెచ్చుకుని బాగా రాస్తాడని కదా అందరూ అనుకునేది. జరిగింది తలకిందులు. మైనస్‌లు పడినవాళ్ళు ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు, పైగా ఇతరులకి తామూ మైనస్‌లు వేయడం మొదలుపెట్టారు. కారణం చెప్పకుండా కొట్టిన దెబ్బ నేర్పేది దెబ్బ కొట్టడాన్నే.

6. మందు వెతికినవాళ్ళు

అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. అక్కడ మైనస్ వేయాలంటే ముందు నువ్వు పనికొచ్చే రాతలతో 125 పాయింట్లు సంపాదించాలి. ఒకరి సమాధానానికి మైనస్ వేస్తే అతనికి 2 పాయింట్లు, నీకూ 1 పాయింట్ పోతుంది. ఇంకొకరిని గిల్లాలంటే నీ చెయ్యి కూడా కొంచెం మండాలి. ఒకే మనిషి మీద వరుసగా పడిన ఓట్లని ఒక ప్రోగ్రాం గుర్తుపట్టి వెనక్కి తీసేస్తుంది. 2007లో మొదలైన హ్యాకర్ న్యూస్‌లో వార్తలకి డౌన్‌వోటే లేదు. కామెంట్లకి ఉంది గానీ, 500 పాయింట్లు దాటినవాళ్ళకే. దీనివల్ల పాతవాళ్ళ పెత్తనం పెరుగుతుందనే విమర్శ ఉంది. కొత్తవాడు దెబ్బ తినగలడు, కొట్టలేడు కదా. ఏ మందుకైనా కొంత చేదు తప్పదు.

7. మన దేశం, 2020

2020 మనకి బాగా గుర్తుండాలి. మే నెలలో యూట్యూబ్ గొప్పా టిక్‌టాక్ గొప్పా అనే గొడవ లేచింది. కోపమొచ్చినవాళ్ళు ప్లే స్టోర్‌కి వెళ్ళి టిక్‌టాక్‌కి గంపగుత్తగా ఒక్క చుక్క రేటింగ్ ఇచ్చారు. 4 పైన ఉండే రేటింగ్ 1.2 దాకా పడిపోయింది. గూగుల్ లక్షల కొద్దీ రివ్యూలు తీసేశాక మళ్ళీ పెరిగింది. జూన్ 29న ప్రభుత్వం ఆ యాప్‌ని నిషేధించిన కారణం వేరు. కానీ ఆ యాప్ బాగుందో లేదో చెప్పాల్సిన చుక్కలు, ఎవరి మీద ఎవరికి కోపమో చెప్పే చుక్కలుగా మారిపోయాయి.

అదే ఏడాది ఆగస్టు 30న ప్రధానమంత్రి మన్ కీ బాత్ వీడియోకి లైకుల కంటే డిస్‌లైకులు ఎక్కువ పడ్డాయి. కరోనా సమయంలో జేఈఈ, నీట్ పరీక్షలు వాయిదా వేయమని విద్యార్థులు అడుగుతున్న రోజులవి. ఇది విద్యార్థుల నిరసన అని కొందరన్నారు. ఆ డిస్‌లైకుల్లో 2 శాతమే భారత్ నుంచి వచ్చాయని బీజేపీ ఐటీ విభాగం అధిపతి అన్నారు. నేను ఎవరి పక్షమూ చెప్పడం లేదు. గమనించాల్సింది వేరే ఉంది. పేరు లేని మైనస్ వేసినవాడు దాక్కోగలడు, నిజమే. కానీ నిజమైన బాధతో వేసినవాడు ఇది నా గొంతే అని రుజువు చేసుకోనూ లేడు. అదే ఒక సంతకం చేసిన అర్జీ అయితే, ఒక ఊరేగింపు అయితే, ఎవరు అడుగుతున్నారో, ఏం అడుగుతున్నారో దాచాలన్నా దాగదు.

2021 నవంబర్‌లో యూట్యూబ్ డిస్‌లైకుల సంఖ్యని దాచేసింది. అంకె పెంచడం కోసమే కొందరు దాడి చేస్తున్నారని, చిన్న చానళ్ళవాళ్ళు ఎక్కువ దెబ్బతింటున్నారని, అంకె దాస్తే దాడులు తగ్గాయని చెప్పింది. యూట్యూబ్ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీమ్ బహిరంగంగానే వ్యతిరేకించాడు. చెత్త వీడియోని గుర్తుపట్టే దారి మూసేశారని ఆయన వాదన. అందులోనూ నిజం ఉంది. దొంగ స్కాలర్‌షిప్ లింకు పెట్టి డబ్బు గుంజే వీడియో కింద డిస్‌లైకుల అంకె కనపడితే మన పిల్లలు కొందరైనా బయటపడేవాళ్ళు. మైనస్ పూర్తిగా చెడ్డది కాదు. చెత్తని చెత్త అని చెప్పే హక్కు జనానికి ఉండాలి.

8. మనకేంటి సంబంధం

2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ తెగలు దేశంలో 8.6 శాతం. అందులో ఒక్కో తెగ, ఒక్కో భాష తీసుకుంటే ఇంకా తక్కువ. తలలు లెక్కపెట్టే ఏ ఆటలోనైనా మనం తక్కువమందిమే. మన మాట ఒకటి బయట పెడితే దానికి వచ్చే ఓట్లు మొదటి పదిలోనే ఉంటాయి. పైన చెప్పిన తొమ్మిది మంది లెక్క అందుకే మనకి ముఖ్యం. మనల్ని వినపడకుండా చేయడానికి లక్షమంది అక్కర్లేదు, ఒక చిన్న వాట్సాప్ గ్రూప్ చాలు. డౌన్‌వోట్ లేని చోట రిపోర్ట్ బటన్ ఉంది. గుంపుగా రిపోర్ట్ కొట్టడం కూడా ఇదే జాతి పని.

దీనికి మనమూ ఒక గుంపు కట్టి ఎదురు మైనస్‌లు కొట్టడమే దారి అని ఎవరికైనా అనిపించొచ్చు. హైపర్బొలస్ కథ గుర్తుచేసుకోండి. రెండు గుంపులు బాగా ఆడితే చివరికి మూడోవాడు పోతాడు, ఆట కూడా పోతుంది. అంకెల ఆటలో తక్కువమంది ఎప్పుడూ గెలవరు. తక్కువమంది గెలిచేది మాట దగ్గర, రుజువు దగ్గర. డిగ్ దండుని బయటపెట్టింది ఇంకో దండు కాదు. ఏడాదిపాటు గమనించి, రాసిపెట్టుకుని, ఆధారాలతో అచ్చువేసిన పరిశోధన.

కాబట్టి చేయాల్సినవి చిన్న చిన్న పనులే. మనవాళ్ళెవరైనా మంచి విషయం రాస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా మొదటి గంటలోనే చదవండి, ఒక వాక్యం రాయండి. మొదటి పది ఓట్ల బలం ఇప్పుడు మీకు తెలుసు. మీ పోస్టు మీద గుంపు పడితే స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ, సమయం రాసి దాచుకోండి. ఒకరి మాట మీకు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మీ పేరుతో చెప్పండి. మన పెద్దలు ఊరి పంచాయితీలో చెట్టు కింద కూర్చుని తప్పు చేసినవాడిని కూడా ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వేమంటావు అని అడిగేవాళ్ళు. అన్ని పంచాయితీలూ న్యాయంగా జరిగాయని కాదు. మాట వినకుండా వెలి వేసిన ఊళ్ళూ ఉన్నాయి, ఆ బాధ ఏంటో మన ఇళ్ళల్లో కొందరికి తెలుసు కూడా. అందుకే నువ్వేమంటావు అనే ఆ ఒక్క ప్రశ్న విలువైనది. ఏథెన్స్ పెంకు అడగనిది, డిగ్ బరీ బటన్ అడగనిది అదే.

ఈ పోస్టులో మీకు ఒప్పుకోబుద్ధి కానిది ఏదైనా ఉంటే కింద రాయండి. ఊరికే దాటిపోకండి. మాట్లాడుకుందాం.